మట్టి గుట్టల లెక్క: ఓపెన్‌కాస్టు డంపుల కింద ఉన్నోళ్లు తెలుసుకోవాల్సిన శాస్త్రం

కొత్తగూడెం చుట్టుపక్కల, ఇల్లెందు వైపు కోయగూడెంలో, గోదావరి ఒడ్డున మణుగూరులో, సత్తుపల్లి పట్టణం అంచున కొన్ని గుట్టలు కనబడతాయి. పాత పటాల్లో ఇవి ఉండవు. భద్రాచలం అడవి గుట్టలకు పేరు ఉంటది, వేల్పు ఉంటది. వీటికి నంబర్లే ఉంటాయి. సింగరేణి ఓపెన్‌కాస్టు గనుల నుంచి తవ్వి పోసిన మట్టి గుట్టలివి. ఆఫీసు భాషలో వీటిని ఓబీ డంపులు అంటారు.

ఓపెన్‌కాస్టులో బొగ్గు కావాలంటే దాని పైనున్న మట్టినీ రాయినీ మొత్తం తీసి పక్కన పోయాలి. ఒక టన్ను బొగ్గుకు సగటున 5 ఘనపు మీటర్లకు పైనే మట్టి తీయాల్సి వస్తోంది. 2023-24లో సింగరేణి తీసిన బొగ్గు సుమారు 7 కోట్ల టన్నులు. అందులో అత్యధిక భాగం ఓపెన్‌కాస్టులదే. ఆ లెక్కన ఎంత మట్టి బయట పడుతుందో పాఠకులే గుణించుకోవచ్చు. బొగ్గు రైలెక్కి పోతుంది. మట్టి మాత్రం ఇక్కడే ఉంటుంది.

మరి ఇంత ఎత్తు పోసిన మట్టి నిలబడుతుందా? కూలితే ఎంత దూరం వస్తుంది? ఈ ప్రశ్న అడిగితే అధికారులు చెప్పే జవాబు ఒకటే: 'శాస్త్రీయ అధ్యయనం జరిగింది, కంప్యూటర్ మోడలింగ్ చేయించాం'. ఆ మాట వినగానే మనవాళ్లు నోరు మూసుకుంటారు. కంప్యూటర్ చెప్పిందంటే ఇక మనం అనేది ఏముంది అనుకుంటారు. ఆ కంప్యూటర్ లెక్క ఏమిటి, ఎవరు కనిపెట్టారు, అది ఏం చెప్పగలదు, ఏం చెప్పలేదు అన్నది తెలుసుకుంటే నోరు మూసుకోవాల్సిన అవసరం ఉండదు. ఈ వ్యాసం ఉద్దేశం అదే.

కుప్ప గుణం

ఇసుక, మట్టి, వడ్లు, బొగ్గు పొడి, కంకర. వీటన్నిటినీ ఇంజనీర్లు గ్రాన్యులర్ పదార్థాలు అంటారు. మనం గింజ పదార్థాలు అందాం. వీటి గుణం విచిత్రమైనది. కుప్ప పోస్తే రాయిలా నిలబడతాయి. వంపితే నీళ్లలా పారతాయి. ఎప్పుడు రాయి, ఎప్పుడు నీళ్లు అన్నదే అసలు సమస్య.

నీళ్ల తొట్టిలో లోతు పెరిగే కొద్దీ అడుగున ఒత్తిడి పెరుగుతుంది. వడ్లు పోసిన గుమ్మిలో అట్లా జరగదు. కొంత ఎత్తు దాటాక పైన ఇంకెన్ని వడ్లు పోసినా అడుగు మీద ఒత్తిడి దాదాపు పెరగదు. ఆ బరువును గింజల ఒరిపిడి గుమ్మి గోడల మీదికి నెడుతుంది. గుమ్మి పగిలితే పక్కకు పగలడానికి కారణం ఇదే. జర్మన్ ఇంజనీరు జాన్సెన్ 1895లో దీన్ని కొలిచి సూత్రం రాశాడు. గుమ్మికి తడిక గట్టిగా అల్లి, పేడ మెత్తి, నడుముకు కట్లు వేసినవాళ్లకు ఈ సంగతి చేతులకు తెలుసు. వాళ్లు సూత్రం రాయలేదు, ఎందుకంటే వాళ్లను రాయనియ్యలేదు.

చాట సంగతీ అంతే. చాటలో బియ్యం పోసి కుదిపితే పెద్ద గింజలు, మట్టి పెళ్లలు పైకి వస్తాయి, నూకలు కిందికి దిగుతాయి. బరువైనవి కిందికి పోవాలి కదా, పెద్దవి పైకెందుకొస్తున్నాయి? ఈ ప్రశ్నకు 1987లో అమెరికా శాస్త్రవేత్తలు కంప్యూటర్ మీద గింజలను కుదిపి చూసి, ప్రసిద్ధ భౌతికశాస్త్ర పత్రికలో వ్యాసం రాశారు. కుదుపుకు గింజల నడుమ సందులు తెరుచుకుంటాయి, ఆ సందుల్లోకి చిన్నవే జారగలవు, పెద్దవి జారలేవు. అందువల్ల పెద్దవి మెల్లగా పైకి చేరతాయి. డంపు మీద లారీ మట్టి వంపినప్పుడు కూడా గింజలు సైజును బట్టి విడిపోతాయి. పెద్ద బండలు దొర్లి అడుగుకు పోతాయి, సన్న మట్టి పైనే ఆగుతుంది. అంటే బయటకు ఒక్కటే గుట్టలా కనబడేది లోపల ఒక్క తీరుగా ఉండదు.

మా నాయన లారీలకు గోదావరి ఇసుక ఎత్తేవాడు. తడి ఇసుకను ఎంత నిటారుగా తవ్వొచ్చో, ఎండ ఎక్కాక ఎప్పుడు జారి మీద పడుతుందో చూపుతోనే చెప్పేవాడు. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదట. విశ్వవిద్యాలయంలో ఆ సంగతినే 'విశ్రాంతి కోణం' అనే పేరుతో చదివాను. పొడి గింజలను మెల్లగా కుప్ప పోస్తే, కుప్ప తనంతట తాను నిలిచే వాలు అది. పొడి ఇసుకకు సుమారు 30 నుంచి 35 డిగ్రీలు ఉంటుంది. గరుకు రాళ్లకు ఇంకొంచెం ఎక్కువ.

పీటర్ కండాల్ పని

1970ల దాకా ఇంజనీర్లు మట్టి గుట్టను ఒకే ముద్దగా లెక్కగట్టేవారు. ఫ్రెంచి సైనిక ఇంజనీరు కూలుంబ్ 1773లో వేసిన బాట అది. గుట్ట లోపల ఒక జారుడు పొర ఉందనుకుని, ఆ పొర మీద కిందికి లాగే బలమెంత, ఆపే ఒరిపిడి ఎంత అని చూస్తారు. ఆపే బలాన్ని లాగే బలంతో భాగిస్తే వచ్చేది భద్రతా గుణకం. 1 కన్నా ఎక్కువైతే నిలుస్తుంది, తక్కువైతే జారుతుంది. ఇది ఇప్పటికీ వాడుకలో ఉన్న పద్ధతే, పనికొచ్చే పద్ధతే. కానీ గుట్ట కదలడం మొదలయ్యాక ఏం జరుగుతుందో ఇది చెప్పదు.

ఈ దారిని మలుపు తిప్పినవాడు పీటర్ కండాల్. లండన్ ఇంపీరియల్ కాలేజీలో ఆయన 1971లో పూర్తి చేసిన పీహెచ్‌డీ కొండ వాలుల్లో రాళ్ల త్వరణం గురించి. అదే ఏడాది ఫ్రాన్సులోని నాన్సీలో జరిగిన సదస్సులో ఒక కొత్త మాట ముందు పెట్టాడు: వాలును ఒకే ముద్దగా చూడొద్దు, విడివిడి బండలుగా చూద్దాం, ప్రతి బండ కదలికనూ కంప్యూటర్‌తో లెక్కగడదాం. తర్వాత అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో బోధించాడు. అక్కడి ఒట్టో స్ట్రాక్‌తో కలిసి ఇదే పద్ధతిని బండల నుంచి గింజలకు తెచ్చాడు. వాళ్ల వ్యాసం 1979లో జియోటెక్నిక్ అనే బ్రిటిష్ పత్రికలో వచ్చింది. దాన్నే డిస్క్రీట్ ఎలిమెంట్ మెథడ్ అంటారు. మనం విడి గింజల పద్ధతి అనుకోవచ్చు.

కండాల్ తర్వాత మిన్నియాపాలిస్‌లోని ఇటాస్కా అనే కన్సల్టింగ్ సంస్థతో కలిసి పనిచేశాడు. వాలుల లెక్కకు వాడే ఫ్లాక్, విడి గింజల లెక్కకు వాడే పార్టికల్ ఫ్లో కోడ్ లాంటి ప్రోగ్రాములు ఆయన పని నుంచి వచ్చినవే. 2008లో అమెరికా జాతీయ ఇంజనీరింగ్ అకాడమీ ఆయన్ను సభ్యుడిగా ఎన్నుకుంది. గనుల నివేదికల్లో 'న్యూమరికల్ మోడలింగ్' అనే మాట కనబడితే, దాని వెనక ఆయన పని ఏదో ఒక రూపంలో ఉండే అవకాశం ఎక్కువ.

మన దేశంలోనూ ఈ శాస్త్రం నడుస్తోంది. బెంగళూరు ఐఐఎస్‌సీ ప్రొఫెసర్లు కేశవరావు, ప్రభు నాట్ కలిసి గింజల ప్రవాహం మీద రాసిన పాఠ్యగ్రంథాన్ని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణాలయం 2008లో వేసింది. మద్రాసు ఐఐటీ ప్రొఫెసర్ రత్నకుమార్ అన్నాబత్తుల అణు సంలీన రియాక్టర్లలో వాడాలనుకుంటున్న సిరామిక్ గుళ్లు ఒత్తిడికి ఎట్లా పగులుతాయో ఇదే విడి గింజల పద్ధతితో అధ్యయనం చేశారు. ఇసుక కుప్ప నుంచి రియాక్టర్ దాకా లెక్క ఒక్కటే.

లెక్క ఎట్లా నడుస్తుంది?

దీనికి పెద్ద గణితం అక్కర్లేదు. కంప్యూటర్‌లో కొన్ని వేల గోళీలు పోశామనుకోండి. ప్రతి గోళీ ఎక్కడుంది, ఎటు కదులుతోంది అన్నది కంప్యూటర్‌కు తెలుసు. మొదట ఏ గోళీ ఏ గోళీని తాకుతుందో వెతుకుతుంది. తాకిన చోట రెండూ రవ్వంత ఒత్తుకుంటాయి. ఎంత ఒత్తుకుంటే అంత గట్టిగా స్ప్రింగులా వెనక్కి తోస్తాయి. పక్కకు జారబోతే ఒరిపిడి ఆపుతుంది. ఒరిపిడికీ ఒక హద్దు ఉంటుంది, అది దాటితే జారుతుంది. ఈ బలాలన్నీ కూడి, న్యూటన్ సూత్రంతో ప్రతి గోళీని కొంచెం జరుపుతుంది. ఆ కొంచెం అంటే సెకనులో లక్షో వంతో, పది లక్షల వంతో. మళ్లీ మొదటి నుంచి అదే పని. ఇట్లా లక్షల సార్లు చేస్తే కుప్ప నిలవడం, జారడం, పారి ఆగిపోవడం తెర మీద కనబడతాయి.

ఈ లెక్క నిజమేనా అని కండాల్, స్ట్రాక్ సరిచూసుకున్నారు. ఒత్తిడి పడితే ప్రత్యేకమైన వెలుగులో మెరిసే బిళ్లలతో డచ్ శాస్త్రవేత్తలు అంతకు ముందే ప్రయోగం చేశారు. కంప్యూటర్ లెక్కను ఆ మెరుపులతో పోల్చి చూశారు. ఆ బిళ్లల్లో కనబడిన సంగతి దళిత పాఠకులకు కొత్తగా ఉండదు. కుప్ప బరువు అన్ని గింజల మీద సమానంగా పడదు. కొన్ని గింజలు గొలుసులా నిలబడి ఎక్కువ భారం మోస్తాయి, పక్కనే ఉన్న కొన్ని దాదాపు ఏమీ మోయవు. సగటు తీస్తే ఈ తేడా కనబడదు. ఆ గొలుసు తెగిన చోటే కుప్ప కదులుతుంది.

కంప్యూటర్‌కు ఎవరు చెప్పారు?

ఇక్కడ జాగ్రత్తగా ఆలోచించాలి. ఒక ఘనపు మీటరులో ఒక మిల్లీమీటరు గింజలు సుమారు 110 కోట్లు పడతాయి. ఒక డంపులో లక్షల, కోట్ల ఘనపు మీటర్ల మట్టి ఉంటుంది. ప్రతి గింజనూ లెక్కగట్టగల కంప్యూటర్ ఎక్కడా లేదు. అందుకని మోడల్ చేసేవాళ్లు నిజం గింజల బదులు పెద్ద గోళీలు వాడతారు. ఆ గోళీలకు ఒరిపిడి ఎంత, గట్టితనం ఎంత, తడికి అతుక్కునే గుణం ఎంత అనేది మనుషులే నిర్ణయించి అందిస్తారు. నమూనాలు తెచ్చి ప్రయోగశాలలో పరీక్షించి సరిచూసి ఇస్తే లెక్క నమ్మదగింది. పుస్తకంలో దొరికిన అంకె వేస్తే లెక్క పుస్తకానిదే అవుతుంది, మన ఊరి గుట్టది కాదు.

అంకెల్లో చిన్న తేడా ఎంత పని చేస్తుందో చూడండి. 2017 నాటి కోల్ మైన్స్ రెగ్యులేషన్స్ ప్రకారం డంపు వాలు 37.5 డిగ్రీలు మించకూడదు. డంపు 30 మీటర్ల ఎత్తు దాటితే మెట్లు కట్టాలి, ఒక్కో మెట్టు 30 మీటర్లు దాటరాదు, మొత్తం వాలు నిలువు 1కి అడ్డం 1.5 కన్నా నిటారుగా ఉండరాదు. అంటే సుమారు 33.7 డిగ్రీలు. ఒట్టి పొడి మట్టి అనుకుంటే పై పొర భద్రతా గుణకం లెక్క సులువు: ఒరిపిడి కోణం టాంజెంటును వాలు కోణం టాంజెంటుతో భాగించాలి. ఇంటర్ చదివే పిల్లలు చేయగల లెక్క ఇది. ఒరిపిడి కోణం 37 డిగ్రీలు అనుకుంటే గుణకం 1.13 వస్తుంది, గుట్ట నిలుస్తుంది. అదే మట్టిలో బంక కలిసి ఒరిపిడి కోణం 32కు తగ్గితే గుణకం 0.94. గుట్ట జారుతుంది. 5 డిగ్రీల తేడా, అంతే. ఇక వానకు మట్టి పూర్తిగా నానిపోయి వాలు వెంట నీళ్లు పారితే గుణకం దాదాపు సగమవుతుంది. నిజమైన డంపుల లెక్క ఇంతకన్నా చిక్కైనదే. అతుకుడు గుణం, అడుగు నేల, మెట్లు అన్నీ చూడాలి. కానీ ఏ అంకె ఎక్కడ మారితే ఏమవుతుందో అర్థం చేసుకోవడానికి ఇది చాలు.

రెండు కుప్పలు, రెండు పాఠాలు

వేల్స్ దేశంలో అబర్‌ఫాన్ అనే బొగ్గు గని ఊరు ఉంది. ఊరి పైన కొండ మీద గని వ్యర్థాన్ని కుప్పలుగా పోశారు. ఏడో నంబరు కుప్పను నీటి ఊట మీద పోశారు. 1966 అక్టోబరు 21న పొద్దున ఆ కుప్ప నానిన ముద్దగా మారి, కొండ దిగి బడి మీద పడింది. 144 మంది చనిపోయారు. వాళ్లలో 116 మంది పిల్లలు. బడి వెనక కుప్ప ప్రమాదకరమని స్థానిక ఇంజనీరు 1963లోనే ఉత్తరాలు రాశాడు. ఊరివాళ్లూ ఫిర్యాదు చేశారు. ఎవరూ వినలేదు. 1967లో విచారణ ట్రిబ్యునల్ తప్పు జాతీయ బొగ్గు బోర్డుదేనని తేల్చింది. అక్కడ ప్రమాదం సంగతి తెలిసినవాళ్లు ఊళ్లోనే ఉన్నారు. అధికారం మాత్రం వాళ్ల దగ్గర లేదు.

రెండోది మన దేశానిదే. జార్ఖండ్ గొడ్డా జిల్లా లాల్‌మటియాలో రాజ్‌మహల్ ఓపెన్‌కాస్టు. 2016 డిసెంబరు 29న మట్టి గుట్ట గనిలోకి జారింది. 23 మంది కార్మికులు చనిపోయారు. వాళ్లు కాంట్రాక్టు పనివాళ్లు. సింగరేణిలో కూడా మట్టి తీసే పని చాలావరకు కాంట్రాక్టు సంస్థల చేతిలో ఉంది. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి పర్మినెంటు కార్మికుల సంఖ్య ఇప్పుడు సుమారు 40 వేలకు దిగింది. గుట్ట కింద నిలబడే మనిషి మారాడు. యూనియన్ కార్డు ఉన్నోడి చోట రోజు కూలీ వచ్చాడు. ఇక గుట్ట అవతలి వైపు సంగతి? ఊరి అంచున ఎవరి వాడ ఉంటుందో, అడవి అంచున ఎవరి గూడెం ఉంటుందో ఈ పత్రిక పాఠకులకు వేరే చెప్పక్కర్లేదు.

ఏం అడగాలి?

భద్రతా గుణకం నివేదిక ఒక్క ప్రశ్నకే జవాబిస్తుంది: గుట్ట నిలుస్తుందా? ఆ జవాబు కంపెనీకి కావాలి. కింద ఉన్నోళ్లకు రెండో ప్రశ్న కావాలి: ఒకవేళ కూలితే మట్టి ఎక్కడిదాకా వస్తుంది? పాత పద్ధతి దీనికి జవాబు చెప్పదు. కండాల్ పద్ధతి చెప్పగలదు, ఎందుకంటే గింజలు కదలడం మొదలయ్యాక కూడా అది వాటి వెంట నడుస్తుంది. సాధనం ఉంది. అడిగేవాళ్లు కావాలి.

గని గుంత డిజైన్, దాని చివరి వాలు శాస్త్రీయ అధ్యయనం ప్రకారమే ఉండాలని నిబంధనలు చెప్తున్నాయి. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ కింద పెద్ద గనులకు ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుంది. 2005 సమాచార హక్కు చట్టం ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో 1996 పెసా చట్టం గ్రామసభకు మాట్లాడే బలం ఇచ్చింది. ప్రజాభిప్రాయ సేకరణకు పోయే కార్యకర్తలు ఉద్యోగాలు, పరిహారంతో పాటు ఈ ఐదు ప్రశ్నలు కూడా రాతపూర్వకంగా ఇవ్వాలి.

ఒకటి, మట్టి ఒరిపిడి కోణాన్ని ఈ డంపు నమూనాల నుంచే కొలిచారా? ఎన్ని చోట్ల, ఏ నెలలో?

రెండు, డంపు లోపల నీటి మట్టం ఎంత అనుకున్నారు? ముసురు పట్టిన వానాకాలానికి లెక్క చేశారా?

మూడు, డంపు అడుగున ఉన్న నేల ఏది? నల్లరేగడా, పాత వాగా, చెలమా? దీనికి జవాబు ఊరి ముసలోళ్ల దగ్గర ఉంటుంది. వాళ్లను అడిగారా?

నాలుగు, నివేదికలోని ఎత్తు, వాలు, ఇవ్వాళ నేల మీద ఉన్న ఎత్తు, వాలు ఒక్కటేనా?

ఐదు, కూలితే మట్టి ఎంత దూరం వస్తుందని లెక్క చేశారా? ఆ దూరంలో ఉన్న ఇళ్లెన్ని, ఎవరివి?

ఈ ప్రశ్నలు అడగడానికి ఇంజనీరు కానక్కర్లేదు. జవాబు వచ్చాక దాన్ని సరిచూడటానికి మాత్రం మనలో ఇంజనీర్లు ఉండాలి.

ఆ కుర్చీలో మన పిల్లలు

అంబేద్కర్ వైస్రాయి కౌన్సిల్‌లో లేబర్ మెంబరుగా ఉన్నప్పుడు 1943 డిసెంబరులో ధన్‌బాద్ బొగ్గు గనులకు పోయి, లోపలికి దిగి పని పరిస్థితులు చూశారు. మరుసటి ఏడాదే బొగ్గు గని కార్మికుల సంక్షేమ నిధి వచ్చింది. కాగితం మీద వచ్చిన నివేదికతో ఆయన సరిపెట్టుకోలేదు. మనం గుర్తుపెట్టుకోవాల్సిన పద్ధతి అది.

కొత్తగూడెంలో 1970లలో మొదలైన స్కూల్ ఆఫ్ మైన్స్‌ను తెలంగాణ ప్రభుత్వం 2025లో డాక్టర్ మన్మోహన్ సింగ్ పేరుతో ఎర్త్ సైన్సెస్ విశ్వవిద్యాలయంగా మార్చింది. బొగ్గు నేల మీద, డంపులకు కూతవేటు దూరంలో ఒక విశ్వవిద్యాలయం. ఇందులో చేరే మొదటి తరం దళిత, ఆదివాసీ విద్యార్థులకు ఏం నేర్పుతారన్నది చిన్న విషయం కాదు. యంత్రం నడిపే సర్టిఫికెట్టుతో పంపిస్తారా, మోడల్ రాసే చదువు చెప్తారా? కంపెనీ ప్రోగ్రాములు ఖరీదైనవే. కానీ విడి గింజల పద్ధతికి యాడే, లిగ్స్ లాంటి ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. కొన్ని వేల గింజల మోడల్ మామూలు కంప్యూటర్ మీద నడుస్తుంది. ఒక పాలిటెక్నిక్ ఉపాధ్యాయుడు, పది మంది విద్యార్థులు ఒక వేసవి కూర్చుంటే ఒక డంపు వాలును తెర మీద నిలబెట్టి, వాన పోసి చూడగలరు. అంకెలు తేవడానికి డంపు దగ్గరికి పోవాలి. అక్కడ పార పట్టిన కూలీని, వాగు పాత దారి తెలిసిన ముసలమ్మను అడగాలి. అట్లా వచ్చిన లెక్కను ప్రజాభిప్రాయ సేకరణలో కంపెనీ లెక్క పక్కన పెట్టాలి.

రెండు లెక్కలూ కలిస్తే మంచిదే, గుట్ట కింద ఉన్నోళ్లు ధైర్యంగా పడుకుంటారు. కలవకపోతే, ఏ అంకె దగ్గర తేడా వచ్చిందో కంపెనీ అందరి ముందూ చెప్పాల్సి వస్తుంది.